దౌలతక్క వాసన చూసి చెబితే

రాయచోటిలో మా వీధికి గ్యాసు బండ వచ్చిన రోజు సబ్బునీళ్ళు కలిపి, రెగ్యులేటర్ చుట్టూ పోసి, బుడగలు వస్తున్నాయా అని చూసే అలవాటు ఎవరికీ లేదు. దౌలతక్కను పిలిచేవాళ్ళం. ఆమె చేతిలో పని ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, బండ దగ్గర వంగి, కళ్ళు మూసుకుని ఒకసారి గాలి పీల్చేది. ఏం లేదులే అంటే ముట్టించుకునేవాళ్ళం. కారుతాంది, వాషర్ మార్పిచ్చుకో అంటే ఆ పని అయ్యేదాకా అగ్గిపుల్ల ముట్టేవాళ్ళం కాదు. బండ తెచ్చే మనిషి కూడా బిగించి ఇచ్చి, ఆయమ్మకు ఒకసారి చూపిచ్చుకోండి అని నవ్వుతూ వెళ్ళిపోయేవాడు.

ఆ ముక్కును నమ్మి నేను నా రెండు చేతులూ కాల్చుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సంగతి దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత మాత్రం నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. మా ఆయన ఓబుళేశు ఒకసారి నోరు జారి ఎత్తాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన కాఫీ ఆయనే పెట్టుకున్నాడు.

దౌలత్ బీది మా పక్కిల్లు. ఒకే గోడ. గోడకు ఇటుపక్క నా కుట్టుమిషన్, అటుపక్క ఆమె పొయ్యి. నేను జాకెట్లు కుడుతూ కూర్చుంటే ఆమె తాలింపు నా ఇంట్లోకి వచ్చేది. ఆమె మొగుడు జమాల్ బాషా మంగంపేట నుంచి ముగ్గురాయి లారీ తోలేవాడు. తెల్లవారే వేళకు ఆ రాతి దుమ్ముకు కనుబొమ్మలతో సహా తెల్లగా దిగేవాడు. ఆకలికి ఆగే మనిషి కాదు. లారీ ఆగిన చప్పుడు విని బొరుగులు నీళ్ళలో వేస్తే, ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా ఉగ్గాని పళ్ళెంలో ఉండాలి. లేకపోతే పస్తుతోనే పడుకుని నిద్రపోయేవాడట. కొత్త కోడలిగా వచ్చిన దౌలతక్కకు ఆ భయంలోనే చేయి తిరిగింది.

ఉగ్గాని గురించి మా సీమవాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆమె చేసే తీరు చెప్పాలి. బొరుగులను, అదే మరమరాలను, నీళ్ళలో ముంచి, మెత్తబడకముందే తీసి గట్టిగా పిండేది. బాండ్లీలో నూనె వేడెక్కాక ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, ఉల్లిగడ్డ, టమోటా, పసుపు. బొరుగులు వేసి నాలుగు తిప్పులు తిప్పి, మీద పప్పుల పొడి చల్లి దించేది. పుట్నాలపప్పు, ఎండుకొబ్బెర, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు కలిపి దంచిన పొడి అది. పక్కన మిరపకాయ బజ్జీ. ఈ పని చిన్నపిల్ల కూడా చేస్తాది, చెడగొట్టేకి మాత్రం పెద్దోళ్ళు కావాల అనేది.

జమాల్ బాషా గుండెపోటుతో పోయాక ఆమె అదే వంటను ముందు అరుగు మీదకు తెచ్చింది. బోర్డు లేదు, బల్లలు లేవు. ఇంట్లో చేసుకునేదే, వీధికోసం ఇంకాస్త ఎక్కువ. ఆదివారం ఎర్రకారం రాసిన దోశెలు. కూతురు కౌసర్ బడిలో పాఠాలు చెబుతుంది, పొద్దున ఎప్పుడూ ఆలస్యమే. ఆమె కోసం రెండు బ్రెడ్డు ముక్కలకు ఎర్రకారం పూసి, మధ్యలో ఆమ్లెట్టు పెట్టి, పెనం మీద అదిమి కాల్చి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టేది. కౌసర్ దాన్ని ఆటోలో తింటూ పోయేది. అది చూసి వీధి పిల్లలందరికీ అదే కావలసి వచ్చింది.

ఇదంతా ఎవరైనా చేస్తారు. దౌలతక్కది ముక్కు గొప్ప. డబ్బా మూత తీయగానే పప్పుల పొడి ఎంత పాతదో చెప్పేది. ఆవాలు చిటపటమన్నప్పుడు కాదు, వాటి వాసన మారినప్పుడు ఉల్లిగడ్డ వేయాలనేది. ఉప్పు ఎక్కువైతే ఆవిరే చెబుతుందట. ఉప్పుకు వాసనేంది అని మా ఆయన ఒకరోజు ఆమెతో వాదనకు దిగాడు. వాదిస్తూనే రెండో పళ్ళెం కూడా తిన్నాడు.

రంజాన్ నెలలో ఈ ముక్కు పేరు ఇంకా పెరిగేది. ఆమె ఒక్కపొద్దు ఉండి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, మా అందరికీ పొద్దున వండి పెట్టేది. నాలుక చివర కొంచెం పెట్టుకుని ఉమ్మేస్తే తప్పు లేదని కౌసర్ చెప్పినా వినేది కాదు. రుచి చూడకుండా, వాసనతోనే నెలంతా వండేది. ఒక్కరోజు ఉప్పు తప్పలేదు. నేను దీన్ని కళ్ళారా చూశాను కాబట్టి, ఆమె బండ దగ్గర వంగి చెప్పిన మాటను కూడా అట్లాగే నమ్మాను. వీధంతా నమ్మింది. నమ్మడం ఎంత సుఖమైన పనో మాకు తెలుసు. మన ముక్కుతో మనం పని చేయించుకోవలసిన బాధ తప్పుతుంది.

పోయిన వానాకాలం వీధి వీధంతా జ్వరం పడింది. దౌలతక్క కూడా పడింది. లేచాక మళ్ళీ అరుగు మీదకు వచ్చింది, మళ్ళీ పొయ్యి వెలిగించింది. మేము మళ్ళీ పళ్ళాలు పట్టుకుని కూర్చున్నాం. ఏం మారిందో అప్పుడు ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం ఇప్పుడు ఒక్కొక్కటి గుర్తుకొస్తోంది, గుర్తుకొచ్చిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

పొయ్యికి ఎదురుగా గూట్లో చిన్న గడియారం ఒకటి వచ్చింది. తాలింపు వేస్తూ ఆమె దానివైపు చూసేది. ఏమక్కా, టైము పెట్టుకుని వంట చేస్తాండావా అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వింది. కొత్తిమీర కట్ట తెస్తే, బాగుండాదా చూడు స్వర్ణా అని నాకు ఇచ్చేది. ఎవరినీ ఏదీ అడగని మనిషి నన్ను అడుగుతోందని నేను పొంగిపోయాను. ఒకరోజు కౌసర్ బ్రెడ్డు అడుగున నల్లగా మాడింది. కౌసర్ చాకుతో గీకి, అమ్మకు వయసు అయిపోతాంది అంటూ ఆటో ఎక్కింది.

అయినా ఆమె టమోటాను ముక్కు దగ్గర పెట్టుకోవడం మానలేదు. నూనె పాకెట్టు కత్తిరించగానే వంగి చూడడం మానలేదు. అలవాటైన చేయి పైకి లేస్తుంది, ముక్కు దాకా పోతుంది, కిందికి దిగుతుంది. ఆ మధ్యలో ఏమీ జరగలేదని చూసేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? మేము చూసింది చేతినే.

వీధిలో గ్యాసు బండలు వస్తూనే ఉన్నాయి. పిలిచినవాళ్ళ ఇంటికల్లా ఆమె వెళ్ళింది. ప్రతి ఇంట్లో వంగింది, కళ్ళు మూసుకుంది, ఏం లేదులే అంది. ఆ ఇళ్ళలో అప్పుడు నిజంగానే ఏమీ లేదు. ఇప్పుడు ఆ గుమ్మాల ముందునుంచి నడిచి వస్తుంటే, లోపల పిల్లలు ఆడుకుంటుంటే, ఆగి ఒకసారి గాలి పీల్చి చూస్తాను.

రంజాన్ వచ్చింది. నాలుక కూడా మూతపడింది. మామూలు రోజుల్లో ఉప్పు, కారం నాలుకతో చూసి సర్దుకునేది కాబోలు, ఒక్కపొద్దులో ఆ ఆధారమూ పోయింది. ఒకరోజు ఉగ్గాని ఉప్పు కషాయం. ఇంకోరోజు వెల్లుల్లి మాడి చేదు. మేమేం చేశాం? మాట్లాడకుండా తిన్నాం. వీధి చివర పెద్దింటి నాగలక్ష్మమ్మ, బీపీ మాత్రలు వేసుకుని నా నోరు చెడిపోయినట్టుంది అంది. నాకు జలుబు చేసిందేమో అనుకున్నాను. దౌలతక్క చేతిది బాగాలేకుండా ఎట్లా పోతుంది, మన నోరే బాగాలేదు అని అందరం తీర్మానించుకున్నాం.

ఆ నెలలోనే మా ఇంట్లో బండ అయిపోయింది. ఓబుళేశు పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్ళిపోయాడు. నేనే కొత్త బండ దొర్లించి, రెగ్యులేటర్ బిగించాను. వంటగది కిటికీ మూసి ఉంది. తెల్ల గుడ్డ కుడుతున్నాను, బయట దుమ్ముగాలి. కొంచెం సేపటికి సన్నగా వాసన తగిలింది, కుళ్ళిన గుడ్డు పగిలినట్టు. ఉందా లేదా అన్నట్టుంది. గోడ దగ్గరకు వెళ్ళి దౌలతక్కను పిలిచాను.

బొరుగులు పిండుతున్న తడి చేతులతోనే వచ్చింది. ఎప్పటిలాగే వంగింది. కళ్ళు మూసుకుంది. గాలి పీల్చింది. ఆ తర్వాత ఇంకోసారి పీల్చింది. అంతకుముందు ఎప్పుడూ రెండోసారి పీల్చడం నేను చూడలేదు. వంగే ఉండి, తల ఎత్తకుండా నన్ను అడిగింది.

"నీకేమన్నా వస్తాందా, స్వర్ణా?"

"నాకేం తెలుస్తాదిలే అక్కా. నువ్వు చెప్పు" అన్నాను.

ఆ మాట నేను ఎన్నిసార్లు తలచుకున్నానో దేవుడికే తెలియాలి. ఆమె నా ముక్కును అడిగింది. నేను దాన్ని తీసుకెళ్ళి ఆమె చేతిలోనే పెట్టాను. ఆమె లేచి నిలబడి మోకాళ్ళు సర్దుకుంది. బండ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, ఏం లేదులే, కొత్త బండ మూత తీసినప్పుడు అట్లే కొంచెం వస్తాది అంది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది. ఏమైనా అంటుందేమో అనుకున్నాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను ఇంకో జాకెట్టు చేయి కుట్టి లేచాను. ఆకలేసింది. బ్రెడ్డుకు ఎర్రకారం పూసి పెనం మీద పరిచాను. వాసన ఇంకా ఉంది. నిజం చెప్పాలంటే ఎక్కువైంది కూడా. కానీ దౌలతక్క చూసి చెప్పింది కదా, ఇంక వాసన ఎక్కడిది? నా ముక్కును నేనే ఊరుకోమన్నాను. లైటర్ నొక్కాను.

మంట పొయ్యి మీద రాలేదు. నేల మీద నుంచి లేచింది. నీలంగా, నా కాళ్ళ దగ్గర నుంచి, గది అంతా ఒకేసారి. చీర కుచ్చిళ్ళు అంటుకుంటే చేతులతో కొట్టుకున్నాను. కేక వేశానో లేదో నాకు గుర్తులేదు. గుర్తున్నది బొరుగుల గంప మీద కప్పే తడి గోతం. దౌలతక్క దాన్ని నా మీద కప్పి, నన్ను అరుగు మీదకు ఈడ్చి, మళ్ళీ లోపలికి పోయి రెగ్యులేటర్ తిప్పి వచ్చింది. వీధివాళ్ళు చేరారు. నేనే చెప్తి, నేనే ఏం లేదని చెప్తి అని ఆమె తల కొట్టుకుంటోంది. పాపం ఎంత మంచి మనసో చూడు, లేనిపోని తప్పు మీద వేసుకుంటాంది అని జనం ఆమెను ఓదార్చారు. నన్ను కడపకు తీసుకెళ్ళే బండి ఎక్కిస్తూ కూడా నాగలక్ష్మమ్మ ఆమెనే ఓదారుస్తోంది.

కడప ఆసుపత్రిలో నా చేతులు మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. కనుబొమ్మలు లేవు. చూడడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట చెప్పారు. దౌలతక్క చూసినప్పుడు కారలేదు, ఆమె పోయినాక కారింటాది. ఓబుళేశు కూడా అదే నమ్మాడు. నేనూ అదే నమ్మాను. ఒక వీధి మొత్తం ఒక మనిషిని నిర్దోషిగా తేల్చడానికి అంత కష్టపడడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక పొద్దున ఆమె బస్సెక్కి వచ్చింది. చేతిలో క్యారియర్. నా కోసం ఉగ్గాని. ఒక్కపొద్దులో ఉన్న మనిషి, ఎండలో అంత దూరం వచ్చి, మంచం పక్కన కూర్చుని స్పూనుతో నాకు తినిపించింది. రెండు ముద్దలు మింగాను. మూడోది మింగలేకపోయాను.

"ఎల్లిపాయ మాడింది అక్కా" అన్నాను. ఊరికే అన్నాను. ఆసుపత్రిలో పడుకున్న మనిషికి నోరు చేదు ఉండాది అనేస్తుందనుకున్నాను.

స్పూను గాలిలోనే ఆగింది. ఆమె క్యారియర్ గిన్నెను ముక్కు దగ్గరకు తీసుకుంది. అలవాటు కదా. తర్వాత మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలీదు స్వర్ణా. వానల్లో జరం వచ్చె చూడు, అప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీదు. పొద్దున్నే లేసి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కాడ పెట్టుకుంటా. ఈ పొద్దు వస్తాది, రేపు వస్తాది అనుకుంటా ఉండిపోతి."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మరి నా ఇంట్లో ఎందుకు చెప్పలేదు అని అడిగాను. నువ్వు నమ్మి పిలిస్తివి, నీ ఇంట్లో నిలబడి నాకు తెలీదని చెప్పేకి నోరు రాలే అంది. ముక్కు పోయిందంటే వంట పోయినట్టే, వంట పోతే నేను ఎవరికి కావాల అంది. కౌసర్‌కు కూడా చెప్పలేదట.

కోపం వచ్చింది. జాలి కూడా వచ్చిందని చెబితే బాగుంటుంది గానీ, రాలేదు. నా చేతులకు కట్లు లేకుంటే ఆ క్యారియర్ ఎత్తి గోడకు కొట్టేదాన్ని. ఇంక సూదిలో దారం ఎక్కించగలనో లేదో తెలియని చేతులు అవి. మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాను. ఆమె లేవలేదు. గోడవైపే చూస్తూ అన్నాను.

"నేను ఎవరికీ చెప్పను. నా నోటితో రాదు ఈ మాట. నువ్వే చెప్పాల, అక్కా. వీధిలో, అందరి ముందర. ఇంకొకరి ఇల్లు కాలకముందు."

"చెప్తా" అంది.

చెప్పలేదు. పండుగ వచ్చింది, పోయింది. పండుగనాడు ఆమె ఆసుపత్రికి పంపిన సేమియాలో నెయ్యి మాడింది, ఓబుళేశు రంగు బాగుందని మెచ్చుకుంటూ తాగాడు. నేను ఇంటికి వచ్చేశాను. కట్లు విప్పారు. చేతుల మీద చర్మం ముడతలు పడి, మెరుస్తూ, వేళ్ళు పూర్తిగా మడవకుండా పట్టేసింది. మిషన్ మీద గుడ్డ కప్పేశాను. పొద్దున లేవగానే వెళ్ళి దౌలతక్క అరుగు మీద, పొయ్యికి ఎదురుగా కూర్చునేదాన్ని. చేతులు ఒళ్ళో పరిచి పెట్టుకునేదాన్ని, ఆమెకు కనపడేలాగా. అదొక రకం శిక్ష అనుకున్నాను. ఇద్దరిలో ఎవరికో ఇప్పటికీ తెలియదు.

అక్కడ కూర్చుంటే నా నోరు ఊరుకోదు. మాడతాంది అని గొణిగితే ఆమె చెయ్యి వెంటనే మంట తగ్గించేది. పొడి పాతవాసన వస్తాంది అంటే ఇంకో డబ్బా తీసేది. మళ్ళీ ఉగ్గాని బాగుపడింది. దౌలత్ బీ చేయి మళ్ళీ దారిన పడిందని జనం సంతోషించారు. నేను ఆమెకు సాయం చేస్తున్నానో, ఆమె దాచిన దాన్ని దాచడానికి సాయపడుతున్నానో తెలియక నా మీద నాకే విసుగు పుట్టింది.

నాకు జరిగింది చూసి వీధికి భయం పట్టుకుంది. భయపడినవాళ్ళు ఏం చేశారు? సబ్బునీళ్ళు కలిపారా? దౌలతక్కను ఇంకా ఎక్కువగా పిలవడం మొదలుపెట్టారు. బండ మారిస్తే సరి, అక్కా ఒకసారి వచ్చిపో. ఆమె మోకాళ్ళ నొప్పులంది, నమాజుకు పొద్దుపోయిందంది, పొయ్యి మీద నూనె ఉందంది. వాళ్ళు పొయ్యి ముట్టించకుండా కాచుకుని కూర్చునేవాళ్ళు. కొందరికి ఓపిక ఉండేది, కొందరికి ఉండేది కాదు. ఏ ఇంటి నుంచి ఎప్పుడు చప్పుడు వినపడుతుందోనని నేను ప్రతి పొద్దునా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ఆ రోజు ఆదివారం. దోశెల రోజు. అరుగు నిండా జనం. కౌసర్‌కు బడి లేదు, చట్నీ వడ్డిస్తోంది. నాగలక్ష్మమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. పెద్దింటి మనిషి, ఎప్పుడూ పళ్ళెం ఇంటికి తెప్పించుకునేదే గానీ తనంతట తాను వచ్చేది కాదు. పురిటికి వచ్చిన మనవరాలు లక్ష్మీప్రియ పాలు కాయాలని లైటర్ పట్టుకుని నిలబడి ఉందట. కొత్త బండ. ఏదో వాసన వచ్చినట్టూ ఉంది, రానట్టూ ఉందట.

"నువ్వు చూసేదాకా ముట్టించొద్దని చెప్పి వచ్చినా. రా దౌలత్ బీ, కడుపుతో ఉండే పిల్ల, ఆకలితో ఉండాది" అంది.

దౌలతక్క అట్లకాడ పెనం పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మెట్టు దిగింది. ఇంకో అడుగు వేస్తే వీధిలో ఉంటుంది. ఒళ్ళో ఉన్న చేతులు ఎత్తి మోకాళ్ళ మీద పెట్టుకున్నాను, అంతే. ఆమె వాటిని చూసింది.

"నేను రాలేనమ్మా" అంది. "నాకు వాసన తెలీదు. వానల జరంలో పోయింది, మళ్ళీ రాలేదు. స్వర్ణ ఇంట్లో కూడా నాకేం తెలీకనే చెప్పినా. ఆ చేతులు నా వల్లే కాలినాయి."

కౌసర్ చేతిలో చట్నీ గిన్నె అట్లాగే ఉండిపోయింది. మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏమైందో చెప్పినా నమ్మరు. నవ్వారు. కోపంతో కాదు, ప్రేమతోనే నవ్వారు. మంట లేచిన రోజు నుంచి మనిషి బెదిరిపోయింది అన్నారు. వాసన తెలియని మనిషి ఈ దోశె ఇట్లా కాలుస్తాదా అన్నారు. నాగలక్ష్మమ్మ అయితే ఆమె మోచెయ్యి పట్టుకుని లాగుతోంది. అట్లంటావేందిలే, నీకు తెలీకుంటే ఇంకెవరికి తెలుస్తాది, రా అంటోంది. అక్కడ పెద్దింట్లో ఆ అమ్మాయి చేతిలో లైటర్ ఉంది. నేను లేచాను.

నేను నోరు తెరిచేలోగా దౌలతక్క మెట్టు మీద కూర్చుంది. కొంగు తీసి కళ్ళకు అడ్డంగా కట్టుకుంది. "స్వర్ణా, ఏదన్నా ఒకటి తెచ్చి నా ముక్కు కాడ పెట్టు. వీళ్ళు చూస్తారు" అంది.

గూట్లో గడియారం పక్కనే ఇంగువ డబ్బా ఉంది. సాయిబుల ఇంట్లో అంతగా వాడరు గానీ, మా చట్నీల కోసం తెచ్చిపెట్టుకుంది. మడవని వేళ్ళతో మూత తీయలేకపోతే కౌసర్ తీసి ఇచ్చింది. ముద్ద ఇంగువ. మూత తీయగానే అరుగు అంతా పరుచుకుంది, దోశెల వాసనను మింగేసింది. చివర్లో కూర్చున్న ముసలాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను డబ్బాను ఆమె ముక్కుకు ఆనించినంత దగ్గర పట్టుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి. పెనం మీద దోశె మాడుతోంది, ఎవరూ తిప్పలేదు.

ఆమె గట్టిగా గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కళ్ళకు కట్టిన కొంగు కిందనుంచి మొహం పైకెత్తి, ఎదురుచూస్తూ కూర్చుంది.

"పెట్టు మరి స్వర్ణా, ఎంతసేపు" అంది.

కౌసర్ ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని దౌలతక్కకు తెలిసింది. చెయ్యి చాపి తడిమింది, డబ్బా వేళ్ళకు తగిలింది. కొంగు విప్పుకుని దాన్ని నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టింది. అప్పుడు నాకు జాలి వచ్చింది. చాలా ఆలస్యంగా, చాలా ఎక్కువగా వచ్చింది. కానీ కూర్చుని జాలిపడే తీరిక లేదు. లక్ష్మీప్రియ లైటర్ పట్టుకోని ఉండాది, నడవండి అన్నాను. తినేవాళ్ళు తినే పళ్ళాలు వదిలి లేచారు. నాగలక్ష్మమ్మ ముందు, ఆమె వెనక నేను, నా వెనక అరుగు మీది జనమంతా. అందరికన్నా వెనక, కౌసర్ భుజం పట్టుకుని దౌలతక్క.

పెద్దింటి గడప దాటకముందే వాసన తగిలింది. సన్నగా కాదు, మొహానికి కొట్టినట్టు. నాకు వచ్చింది. నాగలక్ష్మమ్మకు వచ్చింది, కొంగు ముక్కుకు పెట్టుకుంది. అందరికీ వచ్చింది. మా అడుగుల చప్పుడు విని లోపల వంటింట్లోనుంచి లక్ష్మీప్రియ పిలిచింది.

"అవ్వా, దౌలతమ్మ వచ్చిందా? ముట్టించేదా?"

గడప దగ్గర నిలబడిన మేమందరం, వాసన తగులుతున్న ముక్కులతో, ఒకేసారి వెనక్కి తిరిగి దౌలతక్క మొహం వైపు చూశాం.

వద్దు పాపా, ముట్టించొద్దు, లైటర్ కింద పెట్టి బయటికి రా అని నేను గట్టిగా చెప్పాను. చెప్పాక కూడా వాళ్ళు ఆమెనే చూస్తున్నారు.